నా పిల్లికి అడిగిన కాగితాలు

గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ళు ఏం తెస్తారో మా ఊళ్ళో ఎవరిని అడిగినా చెబుతారు. దళసరి దుప్పట్లు, పాలపొడి డబ్బాలు, తలనొప్పి నూనె, సెంటు సీసాలు, మెళ్ళోకి ఒక గొలుసు. పధ్నాలుగేళ్ళు కువైట్‌లో ఇంటిపని చేసి చివరిసారి వచ్చినప్పుడు నేను తెచ్చింది ఒక పిల్లిని. బూడిద రంగుది, చప్పిడి ముక్కుది, ఒక చెవి కొస చిరిగింది. దాన్ని తలుచుకుని మా వాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు. నవ్వుకోనీ. ఆ పిల్లే లేకపోతే ఇవాళ మా వాకిట్లో కూర్చుని ఇది రాసుకునేదాన్ని కాదు. అక్కడెక్కడో ఎవరి స్నానాల గదో తోముతూ ఉండేదాన్ని.

మాది చీమకుర్తికి దగ్గర పల్లె. ఒక పక్క గ్రానైటు క్వారీలు, ఇంకో పక్క మిరప చేలు. పెళ్ళయిన మూడో ఏట నా భర్త రాళ్ళ లారీ కింద పడి పోయాడు. పిల్లల్లేరు. అన్న వచ్చి నన్ను తనింటికి తీసుకొచ్చాడు, ఏడాది తిరక్కుండా కువైట్ పంపించాడు. నేనూ సరేనన్నాను. ఆ వయసులో ఏ ఇంట్లో ఉన్నా ఒకటే అనిపించింది. అప్పటిదాకా అన్న చీమకుర్తిలో రాళ్ళు కోసే మిల్లులో పనిచేసేవాడు. నేను డబ్బు పంపడం మొదలయ్యాక ఆ పని మానేసి రెండెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేశాడు. దుమ్ము పడటం లేదన్నాడు. నిజమే కావచ్చు. నాకూ అక్కడ చాలా పడేవి కావు, కానీ నన్నెవరూ అడగలేదు.

ఇక్కడ ఒక అలవాటు గురించి చెప్పాలి. మా ఊరి ఆడవాళ్ళు గల్ఫ్ నుంచి వస్తే ఎవరూ 'మొత్తానికి వచ్చేశాను' అనరు. 'సెలవు మీద వచ్చాను' అంటారు. ఇక జన్మలో విమానం ఎక్కేది లేదని తెలిసినా అలాగే అంటారు. మొత్తానికి వచ్చిందంటే జనం చెవులు కొరుక్కుంటారు. ఏం చేసిందో, ఎందుకు తరిమేశారో, ఏ రోగం పట్టుకుందో అని. సెలవంటే గౌరవం. సెలవు మీద వచ్చినదానికి కుర్చీ వేస్తారు, కూర రెండోసారి వడ్డిస్తారు. మా వీధిలో ఒకామె సెలవు మీద వచ్చి పదకొండేళ్ళయింది, ఇంకా ఆ సెలవు అయిపోలేదు. నేనూ రెండేళ్ళకో మూడేళ్ళకో వచ్చి, రెండు నెలలు కుర్చీలో కూర్చుని, మళ్ళీ వెళ్ళేదాన్ని. ఎయిర్‌పోర్టులోనూ, బస్సులోనూ, చర్చిలోనూ అడిగినవాళ్ళందరికీ ఒకటే జవాబు. రెండు నెలలండి, సెలవు మీద.

ఇక పిల్లి సంగతి. నేను పనిచేసే ఇంటి పిల్లలు ముచ్చటపడితే వాళ్ళ నాన్న దాన్ని కొట్లో కొని తెచ్చాడు. ముచ్చట మూడు నెలలు. తర్వాత అది నా పని అయింది. దాని ఇసుక మార్చడం, తిండి పెట్టడం, సోఫా మీది బొచ్చు ఏరడం. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. ఈ ఇంట్లో ఉన్న ఎనిమిదిమందికి తోడు ఇదొకటా అనుకునేదాన్ని. నాకు మేడ మీద బట్టలుతికే యంత్రం పక్కన చిన్న గది ఇచ్చారు. ఒక రోజు అది మెట్లెక్కి వచ్చి నా పాదాల దగ్గర పడుకుంది. అంత పెద్ద ఇల్లు, అన్ని మెత్తటి పరుపులు వదిలేసి నా పాత బొంత మీదికి వచ్చింది. ఆ ఇంట్లో నా దగ్గరికి పని చెప్పడానికి కాకుండా వచ్చింది అదొక్కటే. దానితో తెలుగులో మాట్లాడేదాన్ని. మిగతా రోజంతా నోట్లో అరబ్బీ ముక్కలే. నా భాష ఎండిపోకుండా కాపాడింది ఆ పిల్లే అంటే మీరు నవ్వకూడదు.

ఆరేళ్ళు గడిచాక ఆ కుటుంబం కొత్త ఇంటికి మారుతోంది. ఇంటావిడ సామానంతా చూపిస్తూ ఏవి రావాలో ఏవి పారేయాలో చెప్పుకుంటూ వచ్చింది. పిల్లి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఊపింది. బయట వదిలెయ్, వీధిలో అదే బతుకుతుందిలే అంది. ఆమె చెడ్డ మనిషి కాదు. అదే గొంతుతో పాత కర్టెన్ల గురించి కూడా చెప్పింది. ఎండాకాలం రాబోతోంది. అక్కడి ఎండలో నల్లరోడ్డు మీద చెప్పుల్లేకుండా నిలబడలేం, ఏసీ గదిలో పెరిగిన జంతువు ఎన్నాళ్ళు బతుకుతుంది? నాకు పిచ్చి కోపం వచ్చింది. పధ్నాలుగేళ్ళలో మొదటిసారి ఆమె ముఖం మీద 'వదలను' అన్నాను. నాకే ఆశ్చర్యమేసింది. ఆమెకు ఇంకా ఎక్కువ. అయితే మీ దేశం తీసుకుపో అంది ఎగతాళిగా. సరే, తీసుకుపోతాను అన్నాను.

అన్నాను గానీ ఎలా తీసుకెళ్ళాలో నాకేం తెలుసు? మా ఊళ్ళో పిల్లి ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోవాలంటే గోనెసంచిలో వేసి మూతి కడితే చాలు. శుక్రవారం సెలవు పూట పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. అక్కడ పనిచేసే మలయాళీ నర్సు ఒకామె నన్ను కూర్చోబెట్టి, హిందీలో నెమ్మదిగా చెప్పింది. ముందు పిల్లి మెడ దగ్గర చర్మం కింద బియ్యపు గింజంత చిప్పు పెట్టాలి. దానిలో పదిహేను అంకెలుంటాయి, ఇక ప్రపంచంలో ఎక్కడికెళ్ళినా దాని గుర్తు అదే. ఆ తర్వాతే పిచ్చికుక్క రోగం రాకుండా టీకా. ముందు టీకా, తర్వాత చిప్పు అయితే ఆ టీకా చెల్లదు, ఎందుకంటే సూది ఏ పిల్లికి పొడిచారో రుజువు ఉండదు. నా పిల్లికి రెండు నెలల కిందటే టీకా వేశారు. అది గంగలో కలిసింది. మళ్ళీ మొదటి నుంచి. టీకా వేశాక నెల ఆగాలి. ప్రయాణానికి ముందు వారంలో సర్కారు డాక్టరు దాన్ని చూసి, ఆరోగ్యంగా ఉందని రాసి ముద్ర వెయ్యాలి. దిగే ఊరి ఎయిర్‌పోర్టులో జంతువుల్ని పరీక్షించే ఆఫీసు ఉండాలి, వాళ్ళ నుంచి ముందే అనుమతి తెప్పించుకోవాలి.

ఆమె చెబుతుంటే నేను నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఇంటరు పాసయినదాన్ని, రాసుకోవడం నాకు ఇష్టం. పెట్టె దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగిపోయింది. పిల్లి పెట్టె ఎంత ఉండాలంటే, అందులో అది తల తగలకుండా నిలబడాలి, వెనక్కి తిరగాలి, కాళ్ళు చాపుకుని పడుకోవాలి. అన్ని పక్కలా గాలి ఆడాలి. నీళ్ళ గిన్నె ఉండాలి. అట్లా లేకపోతే విమానం వాళ్ళు ఎక్కించుకోరు. నేను బట్టలయంత్రం పక్కన నా గది గుర్తు చేసుకున్నాను. కాళ్ళు చాపితే తలుపుకి తగిలేవి. కిటికీ లేదు. నన్ను పంపిన ఏజెంటు గానీ, పిలిచినవాళ్ళు గానీ, మా అన్న గానీ, నేను పడుకునే చోట నిలబడి వెనక్కి తిరగగలనా అని ఒక్కరు అడిగారా?

ఇంకో కాగితం ఉంది. ఈ జంతువు నా సొంతం, అమ్మకానికి కాదు అని నా పేరు రాసి సంతకం పెట్టాలి. పెట్టాను. పెట్టేటప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిల్లి కోసం కాదు, నా మీద నాకే జాలేసి. నన్ను పంపేటప్పుడు నా తరఫున అట్లాంటి కాగితం ఎవరూ రాసివ్వలేదు.

అన్నిటికన్నా చివర నర్సు అసలు మాట చెప్పింది. ఇండియాకి సామానుతోపాటు పెంపుడు జంతువును తెచ్చుకోవాలంటే, ఆ మనిషి రెండేళ్ళకు పైగా బయట ఉండి, ఇప్పుడు కాపురం మొత్తం అక్కడికి మార్చుకుని వచ్చేస్తూ ఉండాలి. సెలవు మీద వెళ్ళేవాళ్ళకి ఆ వీలు లేదు. వాళ్ళు వేరే లైసెన్సు తెచ్చుకోవాలి, మనలాంటివాళ్ళ వల్ల అయ్యే పని కాదు అంది. రెండేళ్ళ షరతు నాకు అడ్డం కాదు, ఆ విడత మూడేళ్ళుగా ఇంటి ముఖం చూడలేదు. కానీ మొత్తానికి వెళ్తున్నట్టు రుజువు కావాలి. అంటే వీసా కాన్సిల్ చేయించుకున్న కాగితం.

ఆ రోజు క్లినిక్ బయట బస్సు కోసం చాలాసేపు నిలబడ్డాను. మూడు బస్సులు వెళ్ళిపోయాయి. వెనక్కి వెళ్ళాక ఊళ్ళో ఏం చేస్తావని నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. కూలికి వెళ్తాను, మిరపకాయలు కోస్తాను, కుట్టుమిషను తొక్కుతాను. అది కష్టం కాదు. కష్టం ఏమిటంటే అన్నకు చెప్పడం. నేను వెళ్తూ ఉండాలి, వస్తూ ఉండాలి, మళ్ళీ వెళ్ళాలి. మా ఇంట్లో బియ్యం డబ్బా నుంచి గోడ రంగు దాకా అన్నీ ఆ లెక్క మీదే నడిచాయి. ఒక్క పిల్లి కోసం దాన్ని తెంచేస్తానా అని భయమేసింది. తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది. ఇన్నాళ్ళూ నేను రాకపోవడానికి కారణాలు వెతికారు గదా అందరూ. ఇల్లు, స్లాబు, బోరు, మోటారు. రావడానికి ఒక కారణం దొరికితే తప్పేముంది? అది పిల్లయితే ఏం?

వీసా కాన్సిల్ చేయించుకున్నాను. మొత్తానికి వచ్చేస్తున్నానని కాగితం మీద సంతకమూ పెట్టాను. అన్నకు మాత్రం ఫోన్‌లో ఎప్పటిలాగే చెప్పాను. సెలవు మీద వస్తున్నాను అన్నా, రెండు నెలలు.

శంషాబాద్‌లో దిగేసరికి పొద్దున పదయింది. అన్న బాడుగ కారు తీసుకుని వచ్చాడు. నా చేతిలో ఒకే ఒక్క సూట్‌కేసు చూసి ముఖం వాడిపోయింది. 'కార్గో వైపు వెళ్ళాలి అన్నా, ఒక పెట్టె వచ్చింది' అన్నాను. వెంటనే వెలిగిపోయాడు.

"టీవీయా? పెద్దదా?"

"బతికున్నది."

అన్నకు అర్థం కాలేదు. నవ్వుతూ నా వెంట వచ్చాడు. జంతువుల పరీక్ష ఆఫీసులో బల్ల మీద పెట్టె పెట్టి ఉంది. లోపల నా పిల్లి మూలకు ఒదిగి, నన్ను చూడగానే బొంగురు గొంతుతో ఒక్క అరుపు అరిచింది. అన్న పెట్టెలోకి వంగి చూశాడు, నా వైపు చూశాడు, మళ్ళీ పెట్టెలోకి చూశాడు. ఇంకేదో పెట్టె ఉంటుందని గది చుట్టూ కూడా చూశాడు పాపం.

బల్ల వెనక డాక్టరు గారు, నెమ్మదిగా మాట్లాడే పెద్దమనిషి. ఒక చిన్న యంత్రం పిల్లి మెడ మీద ఆడించాడు. అది కీచుమంది. తెర మీద పదిహేను అంకెలు వచ్చాయి. నా కాగితంలోని అంకెలు ఒక్కొక్కటీ వేలితో సరిచూశాడు. అన్నీ కలిశాయి. టీకా తేదీ చిప్పు తర్వాతే ఉంది. ముద్రలున్నాయి. పిల్లి నోరు తెరిచి చూశాడు, పొట్ట నొక్కి చూశాడు. బాగుందమ్మా, బాగా చూసుకున్నావు అన్నాడు. ఆ మాటకు నేను పొంగిపోయాను. మూత తీసిన పెన్ను చేతిలోకి తీసుకుని, ఊరికే మాటకు అడిగినట్టు అడిగాడు.

"ఎన్నాళ్ళుంటారమ్మా?"

"రెండు నెలలండి, సెలవు మీద," అన్నాను.

అలవాటు పడిన నోరు. పధ్నాలుగేళ్ళుగా ఆ ప్రశ్నకు ఆ జవాబే తిరిగిన నాలుక. అన్నేసి కాగితాలు కూడబెట్టి, నెలల తరబడి తిరిగి, ఒక్క మాటతో అంతా నేలపాలు చేశాను. అన్న నా మాటకు సాయం వచ్చాడు.

"అవునండి, మళ్ళీ వెళ్ళిపోద్ది. ఏజెంటుతో కూడా మాట్లాడే ఉంచాను."

డాక్టరు గారు పెన్ను బల్ల మీద పెట్టేశాడు. కాగితాలు వెనక్కి తిప్పి ఒకచోట ఆగాడు. "కాపురం మార్చుకుని వస్తున్నానని ఇక్కడ సంతకం పెట్టావు గదమ్మా. సెలవు మీద వచ్చేవాళ్ళకి నేను అనుమతి ఇవ్వకూడదు. దీన్ని వచ్చిన దారినే వెనక్కి పంపాల్సి ఉంటుంది. రెండింట్లో ఏది నిజం?"

వెనక్కి అంటే ఎక్కడికి? ఆ ఇల్లు ఖాళీ అయిపోయింది. అక్కడ దాని కోసం ఎదురుచూసే మనిషి లేదు. పిల్లి పెట్టె జాలీలోంచి ముక్కు బయటపెట్టి నా వేలు వాసన చూస్తోంది. అన్న మోచేత్తో పొడుస్తున్నాడు, పోనియ్యవే పిల్లే గదా అని. ఆ క్షణంలో నాకు భయం లేదు, కోపమే ఉంది. ఇన్నేళ్ళూ నిజం అబద్ధం అయింది, అబద్ధమే మర్యాద అయింది, దానికి నేనే కాపలా కాశాను.

"అబద్ధం చెప్పానండి," అన్నాను. "నోటికి అలవాటై వచ్చింది. మొత్తానికే వచ్చేశాను. మూడో కాగితం చూడండి, వీసా కాన్సిల్ చేయించుకున్నాను."

అన్న ఆ కాగితం లాక్కున్నాడు. ఒక వైపు అరబ్బీ, ఒక వైపు ఇంగ్లీషు. "ఏంది ఇది? ఏం రాసుంది ఇందులో?" అన్నాడు. నేను ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పాను. ఒక్క ముక్క వదల్లేదు.

"మాటమాత్రం చెప్పకుండానా?"

"చెబితే రానిచ్చేవాడివా?"

డాక్టరు గారు మా ఇద్దరినీ చూసి, కాగితం వెనక్కి తీసుకుని, కింద సంతకం చేసి ముద్ర గుద్దాడు. "మీ ఇద్దరి మాటలూ బయట మాట్లాడుకోండమ్మా. పిల్లి ఆకలి మీద ఉంది, ముందు దానికి ఏదైనా పెట్టండి," అన్నాడు.

బయట ఇంకో పేచీ. కారు డ్రైవరు పెట్టె చూసి తలుపు మూసేశాడు. "పిల్లి ఎదురొస్తేనే కాసేపు ఆగి బయల్దేరతామమ్మా. చంకలో పిల్లిని పెట్టుకుని పెళ్ళికి పోయినట్టు, ఏకంగా బండే ఎక్కిస్తే ఎట్టా?"

"ఇది ఎదురు రావట్లేదుగా, నా పక్కన కూర్చుంటది. పక్కన కూర్చునే పిల్లికి శకునం లేదు," అన్నాను. అంత గట్టిగా ఎలా చెప్పానో, అతను నిజమేమో అనుకుని తలుపు తీశాడు.

అన్న ముందు సీటెక్కాడు. పిడుగురాళ్ళ చేరాం. సున్నం బట్టీల దుమ్ము అద్దాల మీద పేరుకుంది. టీ కోసం ఆపినప్పుడు నా వైపు తిరక్కుండానే అన్నాడు.

"ఇంకో రెండేళ్ళు చేసుంటే మేడ మీద గది పడేది గదా."

"ఆ గదిలో ఎవరుంటారన్నా?"

"అద్దెకిద్దామనుకున్నా."

నేను నవ్వాను. ఆపుకోలేనంత నవ్వొచ్చింది. టీ కొట్టువాడు కూడా తిరిగి చూశాడు. కింద ఉన్న ఇల్లే నా రెక్కల కష్టం. దాంట్లో నాకో గది అన్నారు. ఏ సెలవులోనూ ఆ గదిలో నేను పడుకోలేదు, హాల్లో చాప మీదే. ఇక మేడ మీద గది అద్దెకట. అన్న తల వంచుకుని టీ తాగాడు. అతని మీద ప్రేమ లేకపోలేదు నాకు. భర్త పోయినప్పుడు నన్ను పట్టుకుని ఏడ్చింది ఆ మనిషే. కానీ ఏడ్చినవాడే పంపించాడు, పంపించినవాడే మర్చిపోయాడు. రెండూ నిజమే.

ఇంటికి చేరేసరికి ఎండ తగ్గింది. మిరపకాయలు కోతకొచ్చిన రోజులు, ఊరి చుట్టూ కళ్ళాలన్నీ ఎర్రగా పరుచుకున్నాయి. పిల్లి పెట్టెలో కూర్చుని తుమ్ముతోంది. వదిన గుమ్మంలోకి ఎదురొచ్చి, పెట్టె చూసి ఆగిపోయింది. అన్న ఆమె చెవిలో ఏదో చెప్పాడు. ఆమె ముఖం చూస్తే మొత్తం చెప్పినట్టే ఉంది.

"అది సరే అమ్మాయ్, దీన్ని ఎక్కడ పెడతావు? ఈ ఇంట్లో పిల్లికి చోటు ఎక్కడుంది?"

"నాకుందా వదినా?"

నేను నా గది తలుపు తీశాను. నేల నుంచి కిటికీ దాకా మిరపకాయల టిక్కీలు, నిండుగా కుట్టిన గోతాలు. ఘాటు గుప్పున ముక్కులోకి కొట్టింది. చీరకొంగు ముక్కుకు కట్టుకుని, ఒక్కో టిక్కీ పట్టుకుని ఈడ్చడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు. హాల్లో ఈడ్చుకొచ్చి, నేను పంపిన సోఫా మీదే పెట్టాను. అన్న 'ఏందే ఈ రాక్షసత్వం' అని అరిచాడు. తుమ్ముతూ, దగ్గుతూ, ఏడుస్తూ ఈడ్చాను. ఏడుపు మిరప ఘాటుకే అని చెబుదామనుకున్నాను గానీ ఎవరూ అడగలేదు. సగం అయ్యేసరికి నడుం పట్టేసింది. అప్పుడు వదిన వచ్చి టిక్కీ రెండో కొస పట్టుకుంది. ఎందుకు పట్టుకుందో ఇప్పటికీ నాకు తెలియదు. ఇద్దరం కలిసి గది ఖాళీ చేశాం. నేల కడిగి, తడి ఆరాక పెట్టె తలుపు తీశాను. పిల్లి బయటికొచ్చి, గోడలు నాలుగూ వాసన చూసి, గది మధ్యలో కాళ్ళు చాపుకుని పడుకుంది.

అన్న అంత తేలిగ్గా వదలలేదు. పొద్దునా సాయంత్రం ఏజెంటుతో ఫోన్లే. కొత్త వీసా దొరుకుతుందట, ఈసారి చిన్న కుటుంబమట, పని తక్కువట. నేను వినబడనట్టు ఊరుకున్నాను. ఆదివారం చర్చికి వెళ్ళాం.

మా చర్చిలో ఒక పద్ధతుంది. దూరదేశం నుంచి వచ్చిన మనిషి ముందుకొచ్చి సాక్ష్యం చెప్పాలి, దేవుడు క్షేమంగా తెచ్చాడని. తర్వాత అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, ఆ మనిషి తిరుగు ప్రయాణం కోసం సంఘమంతటితో ప్రార్థన చేయిస్తారు. నాకోసం ఆ ప్రార్థన ఇప్పటికి అయిదారుసార్లు జరిగింది. ప్రతిసారీ మోకాళ్ళ మీద కూర్చుని, నేను వెళ్ళిపోవడానికి నేనే ఆమెన్ చెప్పాను.

అయ్యగారు లేచి, "మన సహోదరి రెండు నెలల సెలవు మీద వచ్చింది. ఈసారి మంచి వీసా దొరకాలని వాళ్ళన్న కోరుతున్నాడు. అందరం మోకరిద్దాం," అన్నారు. జనం చాపల మీద మోకాళ్ళకు వంగారు. నేను వంగలేదు, నిలబడ్డాను.

"ఆ ప్రార్థన వద్దండి అయ్యగారూ."

వంగినవాళ్ళు తలలెత్తారు.

"నేను సెలవు మీద రాలేదు. మొత్తానికి వచ్చేశాను. నన్నెవరూ తరమలేదు, నాకే రోగమూ లేదు. నా పిల్లిని తెచ్చుకోవాలంటే మొత్తానికి వస్తున్నానని రాసివ్వాలన్నారు, రాసిచ్చాను. రాసినమాట మీద నిలబడతాను. చేస్తే నేను ఇక్కడ ఉండటానికి ప్రార్థన చేయండి. వెళ్ళడానికి ఇప్పటికే చాలా చేశారు."

మగవాళ్ళ వైపు ఎవరో నవ్వారు, పిల్లి కోసమట అని. నవ్వినవైపు తిరిగి చూశాను. నవ్వు ఆగింది. అన్న తల ఎత్తలేదు. అయ్యగారు బైబిలు మూసి పక్కన పెట్టారు. ఆ తర్వాత కళ్ళు మూసుకుని, "ప్రభువా, నీ కుమార్తె తన ఇంటికి వచ్చింది, ఆమెను ఇక్కడే ఉండనియ్యి," అన్నారు. ఆడవాళ్ళ వైపు నుంచి ఆమెన్ గట్టిగా వచ్చింది. మగవాళ్ళది ఆ తర్వాత, మెల్లగా.

చర్చి అయ్యాక చెప్పులు వేసుకుంటుంటే ఒక పెద్దావిడ నా మోచెయ్యి పట్టుకుంది. మిరపకోతకు ముఠా కట్టుకుని వెళ్ళే మనిషి, కారం మరకలతో వేళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఆమె కూతురు కువైట్ వెళ్ళి తొమ్మిదేళ్ళు. రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ సెలవు మీదే, రెండుసార్లూ ఏడుస్తూనే కారెక్కింది.

"అమ్మాయ్, ఆ పిల్లికి ఏమేం కాగితాలు కావాలో రాసియ్యి. మా అమ్మాయికి పంపుతా."

"తన దగ్గర పిల్లి ఉందా పెద్దమ్మా?"

"లేదు," అంది. "ఒకదాన్ని చూసుకోమంటా."

ఆమె చేతిలో ఉన్న కానుక కవరు తీసుకుని, వెనక వైపు, చర్చి మెట్ల మీద కూర్చుని రాశాను. చిప్పు, టీకా, పెట్టె కొలత, డాక్టరు ముద్ర, అన్నీ కిందకు రాశాను. అన్నిటికన్నా పైన, పెద్దక్షరాలతో, మొత్తానికి వచ్చేస్తున్నానని ముందు సంతకం పెట్టాలి అని రాసి ఆమె చేతిలో పెట్టాను.